డేటాబేస్‌లో పత్రాలు తెరిచేటపుడు భద్రతా హెచ్చరికలు: కారణాలు, పరిష్కార మార్గాలు

ప్రభుత్వ కార్యాలయాలలో దస్త్రాల కట్టలు క్రమేణా కంప్యూటర్లలోకి చేరాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ల శాఖ ప్రవేశపెట్టిన ‘కార్డ్’ పథకం ఈ మార్పునకు నాంది పలికిన వాటిలో ఒకటి. పెద్ద పథకాలకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు వచ్చినప్పటికీ, తపాలా నమోదు, పింఛను ప్రతిపాదనలు, కోర్టు కేసుల వివరాల వంటి సెక్షన్ స్థాయి పనులకు మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వంటి డేటాబేస్ అప్లికేషన్లు ఉపయోగపడుతున్నాయి. అర్జీదారు పేరు, నంబరు ఒక వరుసలో ఉంటే, స్కాన్ చేసిన కాగితాలకు దారి చూపే లింకు దాని పక్కనే ఉంటుంది.

ఆ లింకును నొక్కినపుడు పత్రానికి బదులు భద్రతా హెచ్చరిక ప్రత్యక్షం కావడం పలువురు సిబ్బందికి అనుభవమే. కుటుంబ పింఛను కోసం వచ్చిన వృద్ధురాలు కౌంటరు వద్ద నిలబడి ఉండగా, గుమస్తా ఆ హెచ్చరికను చదవకుండానే ‘ఎస్’ నొక్కుతారు. రోజుకు యాభై సార్లు అలా నొక్కిన చేయి, నిజంగా ప్రమాదకరమైన ఫైలు వచ్చిన రోజున కూడా అలాగే నొక్కుతుంది. హెచ్చరికకు భయపడి పని ఆపివేస్తే అర్జీదారుకు నష్టం. హెచ్చరికలన్నింటినీ తొలగిస్తే అర్జీదారులందరి రికార్డులకూ ముప్పు. కనుక అవసరం లేని హెచ్చరిక రాకుండా, అవసరమైనది తప్పక వచ్చేలా ఏర్పాటు చేసుకోవడమే సరైన మార్గం.

హెచ్చరికలు ఎందుకు వచ్చాయి?

1999 మార్చిలో ‘మెలిస్సా’ అనే వైరస్ వర్డ్ పత్రంలోని మాక్రో రూపంలో ఈ-మెయిళ్ల ద్వారా వ్యాపించింది. పత్రం తెరిచిన వారి చిరునామా పుస్తకంలోని మొదటి 50 మందికి అది తనంతట తానే చేరేది. మాక్రో అంటే పత్రంలో దాగి ఉండి ఆదేశాలను అమలు చేసే చిన్న ప్రోగ్రాము. అటు తరువాత 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో, ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలుపై కంటికి కనిపించని గుర్తు వేసే పద్ధతి అమలులోకి వచ్చింది. ఆఫీస్ 2007లో ‘ట్రస్ట్ సెంటర్’, ఆఫీస్ 2010లో ‘ప్రొటెక్టెడ్ వ్యూ’ చేరాయి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను అప్రమేయంగా నిలిపివేసే విధానాన్ని మైక్రోసాఫ్ట్ 2022లో యాక్సెస్, ఎక్సెల్, వర్డ్ తదితర అప్లికేషన్లలో ప్రవేశపెట్టింది.

ఇన్ని దశలలో ఏర్పడినందువల్లనే హెచ్చరికలు అన్నీ ఒకే చోటు నుంచి రావు. ఒకదానికి చేసిన మార్పు మరొకదానికి పనిచేయదు. ట్రస్ట్ సెంటర్‌లో మార్పు చేసినా హెచ్చరిక పోలేదనే ఫిర్యాదుకు సాధారణంగా ఇదే కారణం.

ముందుగా మూడు ప్రశ్నలు

సెట్టింగులను మార్చడానికి ముందు మూడు విషయాలను నిర్ధారించుకోవాలి. మొదటిది, హెచ్చరిక ఎప్పుడు వస్తున్నది? డేటాబేస్ తెరవగానే వస్తున్నదా, లింకు నొక్కినపుడా, పత్రం తెరుచుకున్న తరువాతనా? రెండవది, అన్ని పత్రాలకూ వస్తున్నదా, కొన్నింటికేనా? మూడవది, అన్ని కంప్యూటర్లలోనూ వస్తున్నదా, ఒక్కదానిలోనేనా?

ఒక్క కంప్యూటరులోనే వస్తుంటే లోపం ఆ యంత్రం సెట్టింగులలో ఉంటుంది. కొన్ని పత్రాలకే వస్తుంటే ఆ ఫైళ్లు వచ్చిన మార్గాన్ని పరిశీలించాలి. అన్ని పత్రాలకూ, అన్ని యంత్రాలలోనూ వస్తుంటే పత్రాలు భద్రపరచిన చోటును అనుమానించాలి. తెలిసిన పత్రం ఒకదానిని సొంత కంప్యూటరులోకి కాపీ చేసి తెరిచి చూస్తే ఈ తేడా బోధపడుతుంది.

డేటాబేస్ తెరవగానే వచ్చే హెచ్చరిక

కొంత యాక్టివ్ కంటెంట్ నిలిపివేయబడిందని తెలిపే పసుపు పట్టీ తెర పైభాగాన కనిపిస్తే, డేటాబేస్‌లోని కోడు పనిచేయడం లేదని అర్థం. ఫలితంగా పత్రం చూపవలసిన బటన్ నొక్కినా స్పందన ఉండదు. పత్రాలు పోయాయని సిబ్బంది కంగారు పడవలసిన పని లేదు. డేటాబేస్ ఎవరు రూపొందించారో తెలిసినదైతే ‘ఎనేబుల్ కంటెంట్’ నొక్కవచ్చు. ఫైలు పేరు లేదా స్థానం మారితే ఈ పట్టీ మళ్లీ వస్తుంది.

శాశ్వత పరిష్కారానికి డేటాబేస్‌ను రెండు భాగాలుగా విభజించడం మేలు. పట్టికలు ఉండే భాగం సర్వరులో, ఫారాలు, కోడు ఉండే భాగం ప్రతి ఉద్యోగి కంప్యూటరులోని ఒక నిర్ణీత ఫోల్డరులో ఉంచాలి. ఆ ఒక్క ఫోల్డరును ‘ఫైల్’, ‘ఆప్షన్స్’, ‘ట్రస్ట్ సెంటర్’, ‘ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్’ మీదుగా ‘ట్రస్టెడ్ లొకేషన్స్’ జాబితాలో చేర్చాలి.

పసుపు పట్టీకి బదులు ఎరుపు పట్టీ వస్తే, ఆ డేటాబేస్ ఫైలు ఇంటర్నెట్ గుర్తుతో వచ్చిందని భావించాలి. ఇందులో అనుమతించే బటన్ ఉండదు. పంపినవారిని విచారించి నిర్ధారించుకున్న తరువాతనే, ఫైలుపై కుడి బటన్ నొక్కి ‘ప్రాపర్టీస్’లో ‘అన్‌బ్లాక్’ను ఎంచుకోవాలి.

లింకు నొక్కినపుడు వచ్చే హెచ్చరిక

కొన్ని ఫైళ్లలో వైరస్‌లు ఉండవచ్చునని, ఫైలు నమ్మదగిన చోటు నుంచి వచ్చినదో లేదో చూసుకోవాలని తెలిపే పెట్టె ఈ దశలో వస్తుంది. దీనికి తరచుగా ఎదురయ్యే కారణం ఒకటి చాలామంది దృష్టికి రాదు. అది లింకులో సర్వరును పేర్కొన్న తీరు.

సర్వరును పేరుతో పేర్కొంటే విండోస్ సాధారణంగా దానిని కార్యాలయపు అంతర్గత నెట్‌వర్క్‌గా పరిగణిస్తుంది. అదే సర్వరును అంకెల ఐపీ చిరునామాతో గాని, చుక్కలున్న పూర్తి డొమైన్ పేరుతో గాని పేర్కొంటే, ఆ చుక్కల కారణంగా దానిని ఇంటర్నెట్ చిరునామాగా భావిస్తుంది. సర్వరు పక్క గదిలోనే ఉన్నప్పటికీ కంప్యూటరు దృష్టిలో అది బయటి ప్రపంచమే. అప్పుడు వర్డ్, ఎక్సెల్ పత్రాలు ప్రొటెక్టెడ్ వ్యూలో తెరుచుకోవడం కూడా జరుగుతుంది.

లింకులలో ఐపీ చిరునామాకు బదులు సర్వరు పేరును వాడడం ఇందుకు తొలి పరిష్కారం. అది వీలుకానిచో, కంట్రోల్ ప్యానెల్‌లోని ‘ఇంటర్నెట్ ఆప్షన్స్’లో ‘సెక్యూరిటీ’ విభాగంలో ‘లోకల్ ఇంట్రానెట్’ జాబితాకు ఆ సర్వరును చేర్చాలి. ఈ మార్పులకు అవకాశం లేకుండా మీటలు మసకగా కనిపిస్తే, నెట్‌వర్క్ నిర్వాహకులు వాటిని కేంద్రీకృతంగా నియంత్రిస్తున్నారని గ్రహించి వారినే సంప్రదించాలి.

పత్రం తెరుచుకున్న తరువాత వచ్చే హెచ్చరిక

వర్డ్ లేదా ఎక్సెల్ పత్రం ‘ప్రొటెక్టెడ్ వ్యూ’లో తెరుచుకుంటే దానిని చదవడానికి ఎట్టి ఆటంకమూ ఉండదు. మార్పులు చేయవలసిన అవసరం లేనపుడు ‘ఎనేబుల్ ఎడిటింగ్’ నొక్కకుండానే పని పూర్తి చేయవచ్చు. ఈ-మెయిల్ ద్వారా వచ్చి, అలాగే సర్వరులోకి చేరిన పత్రాలకు ఇంటర్నెట్ గుర్తు కొనసాగుతుంది. అందువల్ల తనిఖీ చేసి గుర్తు తొలగించే బాధ్యతను పత్రం నమోదు చేసే దశలోనే ఒక ఉద్యోగికి అప్పగించడం సముచితం.

ఇక్కడ ఒక విషయం తప్పక గమనించాలి. ఇంటర్నెట్ గుర్తు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలోని డిస్కులపైనే నిలుస్తుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఉండే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే గుర్తు చెరిగిపోతుంది. పెన్‌డ్రైవ్‌పై తెచ్చిన ఫైలుకు హెచ్చరిక రాకపోయినంత మాత్రాన అది సురక్షితమని భావించరాదు.

ఫారంలోనే పత్రాన్ని చూపే పాత డేటాబేస్‌లలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆధారిత వెబ్ బ్రౌజర్ కంట్రోల్ ఉంటుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 డెస్క్‌టాప్ అప్లికేషన్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న మద్దతు ముగించింది. కొత్త యాక్సెస్‌లోని ఎడ్జ్ బ్రౌజర్ కంట్రోల్‌కు మారడం వల్ల ఇలాంటి ఫారాలలోని చిక్కులు తగ్గుతాయి.

చేయకూడని పనులు

హెచ్చరికల బాధ తప్పించుకోవడానికి కొందరు మాక్రోలన్నింటినీ అనుమతించే సెట్టింగును ఎంచుకుంటారు. మరికొందరు రిజిస్ట్రీలో మార్పు చేసి లింకుల హెచ్చరికను పూర్తిగా ఆపివేస్తారు. సి డ్రైవ్ మొత్తాన్ని నమ్మదగిన స్థానంగా చేర్చేవారూ ఉన్నారు. ఇవి ఇంటికి తాళం బిగుసుకుపోయిందని తలుపునే ఊడదీయడం వంటివి. అందరూ ఫైళ్లు వేయగల ఉమ్మడి నెట్‌వర్క్ ఫోల్డరును నమ్మదగిన స్థానంగా చేర్చడం కూడా అంతే ప్రమాదకరం. అందులో ఎవరు ఏ ఫైలు వేసినా అది తనిఖీ లేకుండా పనిచేస్తుంది.

మాక్రోలు గల వర్డ్ పత్రాల ద్వారా వ్యాపించిన ‘ఎమోటెట్’ను 2021 జనవరిలో పలు దేశాల పోలీసులు ఉమ్మడిగా అడ్డుకోవలసి వచ్చింది. మాక్రోలను అనుమతించమని చదువరినే నమ్మించడం దాని ప్రధాన పద్ధతి. పత్రికా కార్యాలయాలకు కూడా ఇది వర్తిస్తుంది. పత్రికా ప్రకటన చదవడానికి మాక్రోలతో పని లేదు. ప్రకటన పేరుతో వచ్చిన పత్రం ‘ఎనేబుల్ కంటెంట్’ నొక్కమని కోరితే, పంపిన శాఖకు తమ వద్ద ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవడం శ్రేయస్కరం.

అనుమానం కలిగినపుడు

అనుమానాస్పద పత్రం తెరిచినట్లు గ్రహిస్తే వెంటనే ఆ కంప్యూటరును నెట్‌వర్క్ నుంచి వేరుచేసి నిర్వాహకులకు తెలియజేయాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, నిర్దేశిత సైబర్ ఘటనలను గమనించిన 6 గంటలలోపు ఆ సంస్థకు నివేదించాలి. ఈ ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకు కూడా వర్తిస్తాయి. పొరపాటున నొక్కిన ఉద్యోగి మందలింపునకు భయపడి విషయాన్ని దాచిపెడితే ఆ విలువైన గంటలు వృథా అవుతాయి. కనుక తెలియజేసిన వారిని తప్పుపట్టని వాతావరణాన్ని కార్యాలయాధిపతులు కల్పించాలి.

డేటాబేస్‌లోని ప్రతి వరుస వెనుక ఒక అర్జీదారు ఉంటారు. హెచ్చరిక వచ్చినపుడు అది ఏ దశలో, ఏ పత్రానికి, ఏ కంప్యూటరులో వచ్చిందో రాసి ఉంచుకునే అలవాటు ఉంటే, మరమ్మతుకు పట్టే సమయం గణనీయంగా తగ్గుతుంది. కౌంటరు వద్ద వేచి ఉన్నవారి పని సకాలంలో జరుగుతుంది, వారి కాగితాలూ భద్రంగా ఉంటాయి.