తప్పుకు నకలు తీయడం ఎలా?

లక్షమంది విద్యార్థుల మార్కులు కూడాలి. ఒక్కరే కూర్చుంటే ఎప్పటికి తెమిలేను! నలుగురికి తలా పాతికవేలు పంచితే పని చప్పున అయిపోతుంది. కంప్యూటరు కూడా ఇలాగే చేస్తుంది. ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే ఈ పనివాళ్ళను 'థ్రెడ్లు' అంటారు.

మూడో థ్రెడ్డుకు ఒకచోట 70కి బదులు, 7 పక్కన ఇంగ్లీషు అక్షరం 'ఓ' తగిలిందనుకోండి. చూడటానికి సున్నాలాగే ఉంటుంది గాని అది అంకె కాదు. వెంటనే పని ఆగిపోయి 'ఎక్సెప్షన్' అనే వస్తువు పుడుతుంది. దీన్ని ఒక ఫిర్యాదు చీటీ అనుకోండి. ఏం జరిగిందో చెప్పే వాక్యమూ, ఏ పనిలోంచి ఏ పనిలోకి వచ్చి అక్కడ చిక్కుకున్నదో ఆ జాడా అందులో ఉంటాయి. ఈ జాడకు 'స్టాక్ ట్రేస్' అని పేరు.

చీటీ పుట్టింది మూడో థ్రెడ్డులో. మొత్తం కోసం ఎదురుచూస్తున్నది మాత్రం పని పంచిన థ్రెడ్డు. చీటీని ఉన్నదున్నట్టు దానికి అందిస్తే చాలదా? చాలదు. అందులో మూడో థ్రెడ్డు నడిచిన జాడే ఉంటుంది. ఫలితం అడిగింది ఎవరో, ఎక్కడినుంచో ఉండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇద్దరు ముగ్గురు ఎదురుచూస్తుంటే అందరి చేతికీ వచ్చేది ఒకే చీటీ. ఒకరు దానికి చేర్చిన సంగతి మిగతావారికీ కనిపించి తికమక పెడుతుంది.

2011లో వచ్చిన జావా 7లోని ఫోర్క్-జాయిన్ లైబ్రరీ దీనికి ఒక ఉపాయం చేసింది. అడిగిన థ్రెడ్డులో అదే జాతి చీటీని కొత్తగా పుట్టించి, అసలు చీటీని 'కారణం'గా దానికి జతచేస్తుంది. రెండు జాడలూ దొరుకుతాయి!

అయితే కొత్త చీటీని పుట్టించడం అంత తేలిక కాదు. పుట్టేటప్పుడే అసలు చీటీని కడుపులో పెట్టుకొనే పద్ధతి ఆ జాతికి ఉందా అని లైబ్రరీ మొదట వెదుకుతుంది. లేకపోతే ఖాళీ చీటీ పుట్టించి, ఆ తరువాత జతచేస్తుంది. మన మార్కుల తప్పును జావా 'నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్' అంటుంది. దీనికి మొదటి పద్ధతి లేదు. కాబట్టి పై చీటీలో వాక్యమే ఉండదు! ఏ మాట అంకెగా మారలేదో లోపలి చీటీ విప్పితేనే తెలుస్తుంది. పైది ఒక్కటే చూసే ప్రోగ్రామరు పాతికవేల మార్కులూ వెదుక్కోవలసిందే.

ప్రోగ్రామరు సొంతంగా తయారుచేసుకున్న చీటీలైతే మరీ ప్రమాదం. అందులో వరుస సంఖ్యకు ఒక గడి ఉందనీ, అసలు చీటీలో అక్కడ 61,204 అని ఉందనీ అనుకోండి. ఖాళీగా పుట్టిన నకలులో ఆ గడిలో 0 కూర్చుంటుంది. వాక్యం లేకపోతే అనుమానం వస్తుంది గాని, 0 కనిపిస్తే నమ్మేస్తాం కదా!

కోట్లిన్ భాషకున్న కోరొటీన్ల లైబ్రరీ ఇక్కడ జాగ్రత్త పడింది. అదనపు గడులున్న చీటీలకు తనంతట తాను నకలు తీయదు. చీటీని తయారుచేసినవారే నకలు తీసే పద్ధతి రాసి ఇస్తే అప్పుడు తీస్తుంది. నాకైతే ఇదే మేలనిపిస్తుంది.

మరి నకలు తీయబోతుండగా అక్కడే ఇంకో ఎక్సెప్షన్ పుడితే? జావా లైబ్రరీ ఆ ప్రయత్నం మానుకొని అసలు చీటీనే చేతికిచ్చేస్తుంది. జాడ సగమే ఉంటుంది, కాని 61,204 అలాగే ఉంటుంది.