కింద పరిచే గుడ్డ

సంక్రాంతి దగ్గర పడగానే ఇళ్లకు సున్నాలూ, రంగులూ వేయించటం మనకు అలవాటు. పనివాడు నిచ్చెన ఎక్కి, కుంచె ముంచి గోడకు రాస్తూంటే చూడటానికి సరదాగా ఉంటుంది. సాయంత్రం నేలమీద పడిన చుక్కలు గీకేటప్పుడు మాత్రం ఆ సరదా ఉండదు! అందుకే ముందుగా కింద గుడ్డ పరుస్తారు. అయితే, ఏ గుడ్డ పడితే ఆ గుడ్డ ఈ పనికి రాదు.

కావాలంటే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. పాత పంచెముక్కా, గోనెసంచీ, ప్లాస్టిక్ షీటూ తెచ్చి, వాటికింద తెల్లకాగితాలు పెట్టండి. ఒక్కొక్కదాని మీద నాలుగేసి చుక్కలు రంగునీళ్లు వేయండి. గోనె నేత వదులు. సందుల్లోంచి రంగు కాగితానికి దిగుతుంది. పంచె నీటిని పీలుస్తుంది గాని, పలచన గనక అదీ కాగితాన్ని తడుపుతుంది. ఆ పంచెనే నాలుగు మడతలు వేసి చూడండి. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగినట్టే, నూలుపోగుల మధ్య ఉండే సన్నని సందులు నీటిని అన్ని పక్కలకూ లాగి పట్టుకుంటాయి.

ప్లాస్టిక్ కింద కాగితం మీద ఒక్క మచ్చ కూడా ఉండదు. "అయితే అదే మంచిది గదా?" అంటారేమో. దానిమీద చుక్క ఎలా పడినది అలాగే నిలిచి ఉన్నది, చూడండి! వేలు పెడితే అంటుకుంటుంది. రంగు కూడా అంతే. త్వరగా ఆరదు, కాలికి అంటుకుని పక్కగదిలోకి ప్రయాణమవుతుంది. పైగా తడి ప్లాస్టిక్ మీద మనిషి కాలూ, నిచ్చెన కాలూ రెండూ జారుతాయి. ఎవరూ నడవని మంచాల మీదా, బీరువాల మీదా కప్పటానికి అది బాగానే పనికివస్తుంది. నేలకు మాత్రం మందపాటి నూలుగుడ్డే కావాలి. పాత దుప్పటి మడతపెట్టి పరిచినా సరే. నున్నటి గచ్చుమీద గుడ్డ కూడా జారుతుంది గనక, నిచ్చెన కాళ్లు ఆనే చోట దాన్ని తొలగించాలి.

నీళ్లతో కలిపే రంగు పడిన గుడ్డను ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. అవిసెనూనె ఉన్న రంగో, వార్నిషో పీల్చిన గుడ్డతోనే చిక్కు. ఆ నూనె నీరులాగా ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును కలుపుకుని గట్టిపడుతుంది. అప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండచుట్టి మూల పడేస్తే వేడి లోపలే పేరుకుని, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకోవచ్చు! 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 38 అంతస్తుల భవనం ఇలాగే తగలబడింది. చెక్కలకు మెరుగు పెట్టినవాళ్లు 22వ అంతస్తులో వదిలి వెళ్లిన నూనెగుడ్డల వల్ల ఆ మంట పుట్టింది. దాన్ని ఆర్పటానికి వెళ్లిన ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు.

అలాంటి గుడ్డ మీ ఇంట్లో ఉంటే మీరు ముట్టుకోకండి. పెద్దవాళ్లకు చెప్పి, ఇంటి బయట తీగమీద మడతలు లేకుండా ఆరవేయించండి. అది అట్టలాగా బిరుసెక్కిన తరువాతనే పారవేయాలి.