ఫోన్‌లోని పొలం ఫొటోలు కంప్యూటర్‌లోకి రావడం లేదా? ఎర్ర అక్షరాలు కనిపిస్తే ముందు ఇవి చూడండి



ఈసారి వీడియో జీవామృతం గురించి కాదు, కషాయాల గురించీ కాదు. ఫోన్‌లో మనం తీసుకునే ఫొటోలు, వీడియోలు, పొలం డైరీ ఎలా దాచుకోవాలి, అవి కంప్యూటర్‌లోకి రావడం ఆగిపోతే ఏం చేయాలి అన్నది విషయం. వీడియోలో స్క్రీన్ చూపించాను. ఇక్కడ వరుసగా రాస్తున్నాను, కావలసినప్పుడు చూసుకుంటూ చేసుకోవచ్చు.

ముందే చెబుతున్నా, ఇది నేను చేసిన తప్పు నుంచి నేర్చుకున్నది. నవార వరి వెన్ను తీసిన పది రోజుల ఫొటోలు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

ఫొటోలతో మనకేం పని?

మనలో చాలామంది పీజీఎస్ గ్రూపుల్లో ఉన్నాం. తోటి రైతులు పొలం చూడటానికి వచ్చినప్పుడు ఏ తేదీన ఘనజీవామృతం వేశాం, ఎప్పుడు నీమాస్త్రం కొట్టాం, పక్క చేను నుంచి మందు నీళ్లు రాకుండా గట్టు ఎలా వేసుకున్నాం అని అడుగుతారు. నోటితో చెప్పేదాని కంటే తేదీతో ఉన్న ఫొటో బలంగా ఉంటుంది. దేశీ విత్తనం నిలుపుకునేవాళ్లకు ఇంకా అవసరం. నేను నవార, కాలాబట్టి, బహురూపి వేస్తాను. ఏ మడిలో ఏ రకం ఎప్పుడు పొట్టకొచ్చింది, కేళీలు ఎక్కడ కనిపించాయి, ఎక్కడి నుంచి విత్తనం తీశాను, అన్నీ ఫొటోల్లోనే ఉంటాయి.

నా దగ్గర ఏర్పాటు ఏమిటంటే

ఇంట్లో రూటర్ పక్కన రాస్ప్‌బెర్రీ పై అని అరచేతిలో పట్టే చిన్న బోర్డు ఉంది. దానికి ఒక హార్డ్ డిస్క్ తగిలించాం. అదే మా హోమ్ సర్వర్. ఫోన్, సర్వర్, కంప్యూటర్ మూడింట్లోనూ సింక్‌థింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పొలంలో ఫొటో తీసి ఇంటికొస్తే వైఫై తగలగానే సర్వర్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి. నెలనెలా డబ్బు కట్టేది లేదు, మన ఫైళ్లు మన ఇంట్లోనే ఉంటాయి.

ఒక మాట. ఆండ్రాయిడ్‌లో సింక్‌థింగ్ వాళ్ల సొంత యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది. ఇప్పుడు చాలామంది వాడేది సింక్‌థింగ్-ఫోర్క్. పాత యాప్ ఇంకా ఫోన్‌లో ఉంటే మార్చుకోండి.

నేను చేసిన తప్పు

అక్టోబరులో ఒక రాత్రి గాలివానకు కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. పొద్దున ఫోన్ చూస్తే ఫొటోలు వెళ్లడం లేదు. సర్వర్ పేజీ తెరిస్తే ఎర్ర అక్షరాలతో 'ఫోల్డర్ మార్కర్ మిస్సింగ్' అని ఉంది.

సింక్‌థింగ్ తను చూసుకునే ప్రతి ఫోల్డర్‌లో డాట్ ఎస్‌టీఫోల్డర్ అని ఒక చిన్న గుర్తు పెట్టుకుంటుంది. అది లేదని చెబుతోంది. 'ఓస్, ఇంతేగా' అనుకుని అదే పేరుతో నేనే ఒక ఫోల్డర్ చేసి పెట్టాను. ఎర్ర అక్షరాలు పోయాయి, సింక్ మొదలైంది. సంతోషపడి టీ తాగి వచ్చేసరికి ఫోన్‌లో పొలం ఫొటోల ఫోల్డర్ దాదాపు ఖాళీ!

జరిగింది ఇదీ. కరెంటు పోటుకు హార్డ్ డిస్క్ దెబ్బతింది. సర్వర్ లేచింది గానీ డిస్క్ దానికి తగులుకోలేదు. డిస్క్ ఉండాల్సిన చోట ఖాళీ ఫోల్డర్ ఒకటి మిగిలింది. అందులో గుర్తు లేదు కాబట్టి సింక్‌థింగ్ 'ఇక్కడేదో తేడాగా ఉంది' అని తనంతట తాను ఆగింది. నన్ను కాపాడటానికే ఆగింది. నేను ఆ ఖాళీ ఫోల్డర్‌లో గుర్తు పెట్టేసరికి, 'ఓహో, సర్వర్‌లో ఫైళ్లన్నీ యజమానే తీసేశాడు' అనుకుని ఫోన్‌లోనూ తీసేసింది.

వెంటనే మా అబ్బాయికి ఫోన్ చేశాను. 'నాన్నా, ముందు రూటర్ ఆపెయ్. కంప్యూటర్ మాత్రం ఆన్ చెయ్యకు' అన్నాడు. అదృష్టం కొద్దీ బంధువుల పెళ్లి పనుల్లో పడి పది రోజులుగా కంప్యూటర్ తెరవలేదు. వైఫై లేకుండా దాన్ని తెరిచి, ఫోల్డర్ మొత్తం వేరే డిస్క్‌లోకి కాపీ చేశాం. మూడేళ్ల ఫొటోలు దక్కాయి. ఆ పది రోజులవి మాత్రం కంప్యూటర్‌లోకి రాలేదు, ఫోన్‌లో పోయాయి, సర్వర్ డిస్క్ మళ్లీ లేవలేదు.

సింక్ వేరు, దాచుకోవడం వేరు

రెండు మడుల మధ్య తూము తీస్తే నీళ్లు రెండింట్లో ఒకే మట్టంగా ఉంటాయి. ఒక మడికి గండి పడితే రెండోదీ ఎండుతుంది. సింక్ అంటే తూము. ఒకచోట పెరిగింది రెండోచోట పెరుగుతుంది, ఒకచోట పోయింది రెండోచోటా పోతుంది. విత్తనాన్ని అందుకే మనం ఒక్క గాదెలోనే పెట్టం, తెలిసినవాళ్ల ఇంట్లో కూడా రెండు కుంచాలు ఉంచుతాం. ఫొటోలకూ అలాంటి రెండో గాదె కావాలి.

ఆగిపోతే ఈ వరుసలో చూడండి

ఒకటి. ఎర్ర అక్షరాలు ఉంటే చదవండి, దేన్నీ నొక్కకండి. 'మార్కర్ మిస్సింగ్' అన్నా, 'ఫోల్డర్ పాత్ మిస్సింగ్' అన్నా ముందు డిస్క్ తగిలి ఉందో లేదో చూడండి. సర్వర్‌లో డీఎఫ్ అనే కమాండ్ ఇస్తే తగిలి ఉన్న డిస్కులు, వాటి సైజులు కనిపిస్తాయి. మీ పెద్ద డిస్క్ ఆ పట్టికలో లేకపోతే సమస్య అక్కడే ఉంది. డిస్క్ సరిచేస్తే గుర్తు దానంతటదే దొరుకుతుంది. మన చేత్తో ఆ గుర్తు పెట్టే పని పెట్టుకోవద్దు.

రెండు. ఎర్రగా ఏమీ లేదు, 'డిస్‌కనెక్టెడ్' అని మాత్రం ఉంటే ఫోన్, సర్వర్ ఒకదాన్నొకటి చూడటం లేదని అర్థం. రెండూ ఒకే రూటర్ మీద ఉన్నాయా? ఫోన్ గెస్ట్ వైఫైకి తగులుకుందా? గెస్ట్ వైఫైలో సాధారణంగా ఒక పరికరం ఇంకోదానికి కనిపించదు. సర్వర్ అడ్రస్‌ను చేత్తో రాసి పెట్టి ఉంటే, రూటర్ ఆపి వేసినప్పుడు ఆ నంబరు మారి ఉండొచ్చు. రూటర్ సెట్టింగుల్లో సర్వర్‌కు ఒకే నంబరు ఎప్పుడూ ఇచ్చేలా పెట్టుకోండి. సర్వర్‌లో ఫైర్‌వాల్ ఉంటే 22000 పోర్టు తెరిచి ఉండాలి. సర్వర్ పేజీ చూసేది మాత్రం 8384 పోర్టులో. ఈ రెండూ వేర్వేరు, కలగలుపుకోవద్దు.

మూడు. యాప్ తెరిచి ఉంచితేనే పని చేసి, ఫోన్ జేబులో పెట్టుకోగానే ఆగిపోతోందా? బ్యాటరీ ఆదా పేరుతో ఫోనే దాన్ని ఆపేస్తోంది. సెట్టింగుల్లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి. కొన్ని ఫోన్లలో ఆటోస్టార్ట్ అని వేరే మీట ఉంటుంది, అదీ వేయండి. యాప్‌లో 'రన్ కండిషన్స్' కూడా చూడండి. వైఫై ఉంటేనే అని పెట్టి ఉంటే పొలంలో మొబైల్ డేటా మీద కదలదు. అది తప్పు కాదు, డేటా మిగులుతుంది.

నాలుగు. కొన్ని ఫైళ్లే రావడం లేదంటే పేర్లు చూడండి. తెలుగు పేర్లకు ఇబ్బంది లేదు. కానీ పేరులో ప్రశ్నార్థకం గుర్తు గానీ, గంటకూ నిమిషానికీ మధ్య పెట్టే రెండు చుక్కలు గానీ ఉంటే విండోస్ ఆ ఫైలును తీసుకోదు. పేరు మారిస్తే చాలు.

ఐదు. పొలం డైరీకి రెండు కాపీలు వచ్చాయా? ఒకదాని పేరులో 'సింక్-కాన్‌ఫ్లిక్ట్' అని ఉంటుంది. ఇద్దరు ఒకే ఫైలును రెండుచోట్ల దిద్దినప్పుడు అలా వస్తుంది. తర్వాత దిద్దినది అసలు పేరుతో ఉంటుంది, ముందు దిద్దిన దానికి ఈ పేరు పెడుతుంది. పారేయకుండా రెండూ తెరిచి చూసుకుని, కావలసినవి ఒకదాంట్లో చేర్చాక రెండోది తీసేయండి.

ఇప్పుడు నేనేం మార్చాను

ఫోన్‌లో ఫొటోల ఫోల్డర్‌ను 'సెండ్ ఓన్లీ' చేశాను. ఫోన్ నుంచి పోవడమే గానీ సర్వర్ చెప్పిందని ఫోన్‌లో ఏదీ చెరగదు. డైరీ ఫోల్డర్ మాత్రం రెండువైపులా దిద్దాలి కాబట్టి పాత పద్ధతిలోనే ఉంచాను.

సర్వర్‌లో ముందు నుంచీ 'ఫైల్ వెర్షనింగ్' వేసి ఉంది. మరి నన్ను ఎందుకు కాపాడలేదు? వేరేచోట చెరిపిన ఫైలును ఇక్కడ తీసేయాల్సి వచ్చినప్పుడే అది పాత కాపీ దాస్తుంది. నా విషయంలో చెరిగింది సర్వర్‌లోనే, ఫోన్‌లో వెర్షనింగ్ లేదు. అందుకే ఇప్పుడు కంప్యూటర్‌లోనూ వేశాను. ఇది మొదట్లో ఆపి ఉంటుంది, మనమే వేసుకోవాలి.

డిస్క్ తగిలితేనే సింక్‌థింగ్ మొదలయ్యేలా మా అబ్బాయి సర్వర్‌లో ఒక లైను చేర్చాడు. రూటర్‌కీ సర్వర్‌కీ చిన్న యూపీఎస్ పెట్టాం.

ఇక రెండో గాదె. ప్రతి అమావాస్యకు ఒక విడి డిస్క్ తగిలించి ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, తీసేసి బీరువాలో పెడుతున్నాను. అది సింక్‌లో ఉండదు. కాపీ అయ్యాక నాలుగైదు పాత ఫొటోలు తెరిచి చూస్తాను. మొలక చూడని విత్తనాన్ని నమ్మం కదా, ఇదీ అంతే. ఫోన్ నిండిందని ఫొటోలు తీసేయడం కూడా ఈ కాపీ అయ్యాకే.

పోయిన పది రోజుల ఫొటోలకు బదులు, గుర్తున్నంతవరకు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. గ్రూపు వాళ్లు చూడటానికి వచ్చినప్పుడు జరిగింది జరిగినట్టే చెప్పాను. వాళ్లలో ఇద్దరు ఆ వారమే విడి డిస్కులు కొన్నారు.

మీకూ ఎప్పుడైనా ఆ ఎర్ర అక్షరాలు కనిపిస్తే కంగారు పడి ఏదీ నొక్కకండి. ముందు డిస్క్ చూడండి.