రెండు ప్లైవుడ్ షీట్ల పడవ

ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. మన పెదకూరపాడులో అడిగినా, అమెరికాలో అడిగినా దొరికే కొలత అదే. ప్రపంచమంతా పిల్లలు తెరచాప పట్టడం నేర్చుకునే పడవకు రూపం ఇచ్చింది ఈ కొలతే.

1947లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో మేజర్ క్లిఫర్డ్ మెకే అక్కడి ఆప్టిమిస్ట్ క్లబ్బు ముందు ఒక ఆలోచన పెట్టాడు. పిల్లలకు తెరచాప పడవ కావాలి, ఖర్చు మాత్రం 50 డాలర్లు దాటకూడదు. పడవలు కట్టే క్లార్క్ మిల్స్ ఆ పనికి పూనుకున్నాడు. ముక్కు మొనదేలాలంటే పొడవు పెరగాలి, అప్పుడు షీటు చాలదు. అందుకని ముందు భాగాన్ని తెగ్గోసినట్టు చదునుగా వదిలేశాడు. చూడ్డానికి పశువుల కుడితితొట్టికి తెరచాప కట్టినట్టుంటుంది. ఆ పడవకు క్లబ్బు పేరే వచ్చింది: ఆప్టిమిస్ట్. 1954లో యాక్సెల్ డామ్‌గార్డ్ అనే డేనిష్ నావికుడు దీన్ని డెన్మార్క్ తీసుకెళ్లాడు. యూరప్‌లో పాకింది అక్కడి నుంచే. ఇప్పుడు చెక్క స్థానంలో ఫైబర్‌గ్లాసు వచ్చింది, ఖాళీ పడవ బరువు 35 కిలోలు.

తెలివంతా తెరచాపలో ఉంది. దాని పై మూలను ఏటవాలుగా పెట్టిన సన్నటి కర్ర ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి స్తంభం పొట్టిగా ఉన్నా సరిపోతుంది. గాలి తోపు కిందికే తగులుతుంది, పడవ అంత తేలిగ్గా ఒరగదు. అడుగున నీళ్లలోకి దింపిన పలక పడవను పక్కకు జారనివ్వదు. అందుకే ఎదురుగాలికి సుమారు 45 డిగ్రీల వాటంగా, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతూ ముందుకు పోవచ్చు. బోల్తా పడినా లోపల కట్టిన గాలి సంచులు మునగనివ్వవు. పిల్ల ఆ పలక పట్టుకుని బరువు వేస్తే పడవ మళ్లీ లేస్తుంది. ఇక మిగిలేది నీళ్లు తోడటం.

మనవైపు దీన్ని చూడాలంటే హుస్సేన్‌సాగర్‌కు వెళ్లాలి. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకూ ఈ పడవలు అప్పగించింది. ఇది డబ్బున్నవాళ్ల ఆట అనుకునేవాళ్లు ఒక్కసారి అక్కడికి వెళ్లి రావాలి. పెద్దవాళ్లకు లేజర్ ఉంది: బ్రూస్ కిర్బీ గీసిన ఒంటరి మనిషి పడవ, 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. పడవ ఒకటే, తెరచాపలు మూడు సైజులు. నడిపేవాళ్ల బరువును బట్టి తెరచాప మారుస్తారు.

మొదటి పడవకు నా లెక్క ఇది: బోల్తా పడితే మీరొక్కరే నిలబెట్టగలగాలి, ఇద్దరు కలిసి గట్టెక్కించగలగాలి. లైఫ్ జాకెట్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 50 న్యూటన్ల రకం సుమారు 5 కిలోల బరువును తేల్చుతుంది. ఈత వచ్చి, పక్కన రక్షణ పడవ ఉంటే అది చాలు. ఈత రానివాళ్లకు కనీసం 100 ఉండాలి. తొడిగి బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి, చెవులదాకా వస్తే అది మీ సైజు కాదు. నూలు బట్టలు తడిస్తే బరువెక్కుతాయి, త్వరగా ఆరే నైలాన్ మేలు.

నీళ్లు మన దగ్గరే ఉన్నాయి కదా అనిపిస్తుంది. పెదకూరపాడు నియోజకవర్గంలోనే అటు కృష్ణ ఒడ్డున అమరావతి, ఇటు 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం. రెండు స్తంభాల ఓడను నాణెం మీద వేయించిన శాతవాహనులు ఏలిన నేల ఇది. కానీ నైరుతి గాలి బలంగా వీచే నెలల వెనకే కృష్ణకు వరద వస్తుంది, పులిచింతల గేట్లు లేస్తాయి. గాలి బాగుందని ఆ రోజుల్లో ఏట్లో దిగితే ప్రవాహాన్ని తెరచాప ఆపలేదు. నేర్చుకునేది హుస్సేన్‌సాగర్‌లోనే నేర్చుకుని, వరద తగ్గాక, అధికారుల అనుమతితో, మోటారు పడవ ఒకటి వెంట పెట్టుకుని కృష్ణలోకి రావడం మంచిది.