ద్వారము తెఱచిన గ్రంథాలయాచార్యుడు

పన్ను అందఱియొద్దను గైకొని, ఫలమును కొందఱికి మాత్రమే పంచిపెట్టు ప్రభుత్వము న్యాయము తప్పినదని చెప్పుటకు ధర్మశాస్త్రములు తిరుగవేయ నక్కఱలేదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణభాగమున ఇరువదవ శతాబ్దము సగముపైగా గడచువఱకు పౌర గ్రంథాలయములు ఇట్టి అన్యాయమునకు తావై యుండెను. నల్లజాతివారు కట్టిన పన్నులును చేరి గోడలు లేచినవి; ఆ సొమ్ముతోనే పుస్తకములు వచ్చినవి; వాకిట మాత్రము వారిని ఆపివేసిరి. ఆ వాకిలి తెఱచుటకు జీవితకాలమును ధారపోసిన ఎలోనీ జూనియస్ జోసీగారి చరిత్రమును నేడు మా చదువరుల ముందుంచుచున్నాము. వారు మంత్రులు కారు, సేనానులు కారు. మొదట గ్రంథాలయాధికారులు, పిమ్మట గ్రంథాలయశాస్త్రమును బోధించిన ఆచార్యులు. పుస్తకముల నడుమ కూర్చుండువానికి లోకపు తగవులతో నేమి పని యని అడుగువారికి వారి జీవితమే సమాధానము.

1896లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము ప్లెసీ వ్యాజ్యమున నొక తీర్పు చెప్పెను. వసతులు సమానములైనచో రెండు జాతులవారికిని వేఱువేఱుగ వాని నేర్పఱచుట రాజ్యాంగవిరుద్ధము కాదని దాని సారాంశము. వేర్పాటు అక్షరాల అమలు జరిగెను. సమానత్వము కాగితముమీదనే నిలిచిపోయెను. దక్షిణదేశపు పట్టణములు పెక్కింట నల్లజాతివారికి గ్రంథాలయమే లేకుండెను. ఉన్నచోట అది తఱచుగా ఇఱుకు గది. అందలి పుస్తకములు చాలవఱకు శ్వేతజాతీయుల గ్రంథాలయములో నలిగి పాతబడినవి.

జోసీగారు 1924 జనవరి 20వ తేదీన వర్జీనియా రాష్ట్రమందలి నార్‌ఫోక్ పట్టణమున జన్మించిరి. వారు పదునైదేండ్ల బాలురై యున్నప్పుడు ఆ రాష్ట్రముననే అలెగ్జాండ్రియా పట్టణమున నొక ఘటన జరిగెను. 1939 ఆగస్టు 21వ తేదీన అయిదుగురు నల్లజాతి యువకులు ఒకరి తరువాత నొకరు పౌర గ్రంథాలయమున ప్రవేశించి సభ్యత్వము కోరిరి. వీలులేదనగా, తలకొక పుస్తకము తీసికొని వేఱువేఱు బల్లలయొద్ద కూర్చుండి నిశ్శబ్దముగ చదువ నారంభించిరి. పోలీసులు వచ్చి వారిని నిర్బంధించిరి. ఈ సత్యాగ్రహమునకు సూత్రధారి సామ్యుయేల్ టక్కర్ అను యువ న్యాయవాది. మఱుసటి యేట పట్టణాధికారులు నల్లజాతివారికి ప్రత్యేకముగ నొక చిన్న గ్రంథాలయము కట్టించిరి. టక్కరుగారు అందు సభ్యత్వమును పుచ్చుకొన నిరాకరించిరి. వారు కోరినది పుస్తకము మాత్రమే కాదు. తోటి పౌరుల సరసన కూర్చుండి చదువుకొను హక్కు. జోసీగారి తరమువారు పెరిగినది ఇట్టి వాతావరణమున.

1943 మొదలు 1946 వఱకు జోసీగారు సైన్యమున పనిచేసిరి. స్వాతంత్ర్యరక్షణకై యుద్ధము చేయుచున్న ఆ సైన్యమునందును జాతివేర్పాటే రాజ్య మేలుచుండెను. తిరిగి వచ్చి 1949లో హోవర్డ్ విశ్వవిద్యాలయమున పట్టము పొందిరి. 1950లో కొలంబియా విశ్వవిద్యాలయమున చరిత్రయందు ఎం.ఏ. గడించిరి, 1953లో ఆల్బనీలో గ్రంథాలయశాస్త్రము ముగించిరి. 1959లో జార్జియా రాష్ట్రమందలి సవానా స్టేట్ కళాశాలకు ప్రధాన గ్రంథాలయాధికారు లైరి. పాఠశాలలలో జాతివేర్పాటు చెల్లదని అత్యున్నత న్యాయస్థానము 1954లోనే తీర్పు చెప్పియుండెను. అయినను ఒక కళాశాల గ్రంథాలయమును నడపుచున్న ఈ విద్వాంసునకు జార్జియా గ్రంథాలయసంఘమున సభ్యత్వము లభింపలేదు. చదువు చాలకకాదు, అనుభవము చాలకకాదు. చర్మపు వన్నె యొక్కటే అడ్డము.

1964లో వారికి అవకాశము చిక్కెను. అమెరికా గ్రంథాలయసంఘము 1876లో స్థాపితమైన పెద్ద సంస్థ. జాతిభేదము పాటించు రాష్ట్రసంఘములు తనకు శాఖలుగా నుండరాదని అది నియమము చేసికొనియుండెను. మిసిసిప్పీ మొదలగు కొన్ని దక్షిణరాష్ట్రముల సంఘములు భేదమును విడుచుటకంటె శాఖాత్వమును విడుచుటయే మేలని తలచినవి. అయినను ప్రధానసంఘపు పెద్దలు ఆ సంఘముల సభలకు అతిథులై పోవుట మానలేదు. నియమము ఒకచోట, మర్యాద మఱొకచోట! ఆ యేటి వేసవిలో సెయింట్ లూయీ నగరమున జరిగిన మహాసభలో, జాతీయ గ్రంథాలయవారమును చక్కగ జరిపినందులకు మిసిసిప్పీ సంఘమునకు ప్రశంస ప్రకటింపబడెను. ఆ దినములలోనే మిసిసిప్పీలో నల్లజాతివారి ఓటుహక్కుకై పనిచేయుచున్న ముగ్గురు యువకులు కనబడకపోయిరి. వారు హతులైరని ఆగస్టులో శవములు దొరకినప్పుడు తేలినది.

జోసీగారు ఆ ప్రశంసను విని యూరకుండలేకపోయిరి. సభలో లేచి యొక తీర్మానము ప్రతిపాదించిరి. శాఖలకు విధించిన నియమములను నెఱవేర్పజాలని రాష్ట్రసంఘముల సభలకు ప్రధానసంఘపు అధికారులును ఉద్యోగులును అధికారహోదాతో గాని, సంఘపు ఖర్చుతో గాని పోరాదని దాని తాత్పర్యము. తీర్మానము నెగ్గెను. 1965లో జార్జియా సంఘము తన తలుపు తెఱచెను. అందు సభ్యుడైన మొదటి నల్లజాతివారు జోసీగారే.

ఈ తీర్మానమందలి నేర్పును చదువరులు గమనింపవలెను. అది ఎవరిని దూషింపలేదు, ఎవరిని ప్రాధేయపడలేదు. అన్యాయమునకు పెద్దమనుష్యుల సాన్నిధ్యమువలన కలుగుచున్న గౌరవమును మాత్రము ఉపసంహరించెను. 1920లో సహాయనిరాకరణమును చేపట్టిన దేశమునకు ఈ మార్గము క్రొత్తది కాదు. దుర్మార్గుడు తన బలముచేత నిలుచునది కొంత. సజ్జనులు మొగమాటముచేత వాని పందిటిలో కూర్చుండుటవలన నిలుచునది మఱికొంత. గ్రంథాలయములు రాజకీయములకు దూరముగ నుండవలెనని ఆనాడును వాదించినవారు కలరు. ఆ వాదమున కొంత సత్యము లేకపోలేదు. ఏ పక్షపు గ్రంథమునైనను చదువరికి అందింపవలసినదే. కాని చదువరినే గడప దాటనీయనిచోట తటస్థత యెక్కడిది? వాకిలి మూసినవానికి తోడుగ మౌనము వహించుట ఒక పక్షమున చేరుటయే.

1966లో జోసీగారు న్యూయార్కు రాష్ట్ర విద్యాశాఖలో చేరి ఆల్బనీలో ఇరువదియేండ్లు పనిచేసిరి. 1970లో నల్లజాతి గ్రంథాలయాధికారులను సమీకరించి ప్రధానసంఘములోనే వారికొక ప్రత్యేక మండలిని నెలకొల్పిరి. దక్షిణమున బడులలో జాతులను కలుపవలసివచ్చినప్పుడు కొందఱు శ్వేతజాతీయులు తమ బిడ్డలకు మాత్రమే ప్రైవేటు పాఠశాలలు పెట్టుకొనిరి. ప్రజాధనముతో నడచు గ్రంథాలయములు అట్టి పాఠశాలలకు సహాయము చేయరాదని ఆ మండలి పట్టుపట్టెను. వేర్పాటు ముందువాకిట వెడలి దొడ్డిదారిని వచ్చుచున్నదని వారు కనిపెట్టిరి. ఆ 1970లోనే జోసీగారు నల్లజాతి గ్రంథాలయాధికారుల అనుభవవ్యాసములను కూర్చి యొక సంపుటమును వెలువరించిరి. అంతవఱకు ఎవరి గోడు వారియందే అణగియుండెను. గ్రంథస్థమైన పిమ్మట అది వృత్తి యంతటికిని జవాబు చెప్పవలసిన ప్రశ్న యయ్యెను.

ఒకనాడు రాష్ట్రసంఘపు సభ్యత్వమునకే పనికిరాడనిపించుకొన్నవారు 1984లో అమెరికా గ్రంథాలయసంఘమునకే అధ్యక్షులైరి. ప్రభుత్వము గ్రంథాలయములకిచ్చు ధనమును తగ్గింపజూచు కాలమది. ధనము చాలనిచోట చదువరులనుండి రుసుము పుచ్చుకొందమను ఆలోచన బయలుదేరెను. జోసీగారు దానిని గట్టిగ ప్రతిఘటించిరి. రంగును బట్టి మూసిన తలుపును తెఱిపించినవారు ధనమును బట్టి అదే తలుపును మూయనిత్తురా? బీదవాని చేతిలో పైకము లేకపోవుట వాని జ్ఞానాధికారమునకు భంగము కారాదని వారి సిద్ధాంతము. దక్షిణాఫ్రికాలో సాగుచుండిన జాతివేర్పాటు విధానమునకు ప్రతికూలముగను వారు పోరాడిరి.

1986 మొదలు 1995 వఱకు వారు పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున గ్రంథాలయశాస్త్రాచార్యులై యుండిరి. మా అభిప్రాయమున ఇది వారి పూర్వకార్యమునకు పరిపూర్తి. చట్టము తలుపు తెఱిపింపగలదు. లోపల బల్లయొద్ద కూర్చుండి వచ్చినవానిని ఆదరించు మనుష్యుని చట్టము తయారుచేయలేదు. ఏ పుస్తకము కొనవలెను, ఎవరి చరిత్ర అలమారులలో చేరవలెను, ఏ పేటలో క్రొత్త శాఖ పెట్టవలెను అను నిర్ణయములన్నియు గ్రంథాలయాధికారి చేతిలోనివి. ఆ పీఠమునకు ఒక్క జాతివారే ఎల్లప్పుడు వచ్చుచున్నచో మిగిలినవారు తమ గ్రంథాలయమునందే అతిథులుగ మిగిలిపోవుదురు. కనుక జోసీగారు నల్లజాతి విద్యార్థులను వెదకి పిలిపించి, విద్యార్థివేతనములకు యత్నించి, ఈ వృత్తిలో ప్రవేశపెట్టిరి. నేడు ఆ నల్లజాతి మండలి వారి పేరిట విద్యార్థివేతనము లిచ్చుచున్నది. 2009 జూలై 3వ తేదీన, ఎనుబదియైదవ యేట, జోసీగారు కాలధర్మము చెందిరి.

సముద్రముల కావలి ఈ కథతో మనకేమి సంబంధమని తలంపరాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయప్రతినిధుల మహాసభ జరిగినది మొదలు గ్రంథాలయోద్యమము తెలుగువారి జాతీయోద్యమమున నొక భాగమై పెరిగినది. ఉభయ తెలుగు రాష్ట్రములలోను ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును ప్రజలు చెల్లించుచునే యున్నారు. దళితవాడలోని పెంకుటింటి యజమానియు, నడివీధిలోని మేడ యజమానియు ఆ పన్నునకు సమానముగ బద్ధులే. మఱి ఫలము? మన గ్రంథాలయపు గోడమీద జాతిభేదపు పలక లేదు. చట్టమును అట్టిదానిని సహింపదు. అయినను పలక లేనంతమాత్రమున తలుపు తెఱచియున్నట్లు కాదు. కూలినాలి చేసికొనువారు తీరికపడు వేళకు గ్రంథాలయము తెఱచియుండునా? వారి బిడ్డలు చదువగోరు పుస్తకములు అచ్చట కలవా? బల్లయొద్దనున్న అధికారి వారిని రమ్మని పిలుచునా, ఎందుకు వచ్చితివని చూచునా?

గ్రామములలో భూవసతి గలవారును, పట్టణములలో పలుకుబడి గలవారును ఈ ప్రశ్నలను తమ యూరి గ్రంథాలయమునకు పోయి స్వయముగ విచారింపవలెను. భవనమునకు విరాళమిచ్చి చలువరాతిపై పేరు చెక్కించుకొనుట సులభము. ఆ భవనములోనికి ఇంతవఱకు రానివారెవరో కనుగొనుట కష్టము. జోసీగారు ఆ కష్టమైన పనినే జీవితవ్రతముగ గైకొనిరి. గ్రంథాలయపు గొప్పతనము అందలి గ్రంథములసంఖ్యతోనే కాక, గడప యవతల నిలిచిపోయినవారి సంఖ్యతోను కొలువవలెనని మేము విశ్వసించుచున్నాము.