మిరపకాయ పుట్టింటికి ఒంటరిగా

"మెక్సికోకు మీరు ఒక్కరే వెళ్ళివచ్చారా!" అని మా వీధిలో అడగనివారు లేరు. ఆ అడగడంలో ఆశ్చర్యం కన్న, 'ప్రాణాలతో ఎలా బయటపడ్డావమ్మా' అన్న జాలే ఎక్కువ. వారిని అనుకుని ఏం లాభం? బయలుదేరేముందు నాకూ అదే బెదురు.

మాది గుంటూరు. ముప్ఫై ఏళ్ళు ఉన్నత పాఠశాలలో భూగోళం చెప్పాను. "మిరపకాయ పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసువారు పదహారో శతాబ్దంలో మనకు తెచ్చి పెట్టారు. అంతకు ముందు మన పెద్దలకు కారమంటే మిరియాలే" అని ఏటేటా చెప్పి, పటం మీద బెత్తంతో చూపించడమే గాని, ఆ దేశం చూస్తానని కలలో కూడా అనుకోలేదు.

తీరా హ్యూస్టన్‌లో మా అబ్బాయి ఇంటికి వెళ్ళాక చూద్దును గదా, మెక్సికో పక్కిల్లే! విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మనవాళ్ళకు మెక్సికో వీసా వేరే అక్కర్లేదు కూడాను. మా వారు మాత్రం ససేమిరా అన్నారు. "అక్కడ పట్టపగలే తుపాకులు పేలుతాయి. నాకా మోకాళ్ళ నొప్పులు, వెంట రాలేను. నువ్వు ఒక్కదానివీ వెళ్ళడమేమిటి?"

మా కోడలు ఆయనకు నచ్చచెప్పింది. "దేశమంతా ఒక్కలా ఉండదు మామయ్యా. రాజధానితో కలిపి 32 రాష్ట్రాలు. కొన్నింట్లో ముఠాల కొట్లాటలున్న మాట నిజమే. అటు పోకుండా, రోజూ వేలమంది తిరిగే ఊళ్ళు ఎంచుకుంటే సరి" అని, మెక్సికో నగరం, ప్వేబ్లా, వహాకా — మూడు ఊళ్ళకు తొమ్మిది రోజుల ఏర్పాటు చేసింది. చీకటి పడ్డాక కొత్త ఊళ్ళో దిగకూడదు. పాస్‌పోర్టు నకలు వేరే సంచిలో ఉండాలి. డబ్బు పగటిపూట బ్యాంకు లోపలి యంత్రంలోనే తీయాలి. ఆపదొస్తే 911కు ఫోను చేయాలి. ఇవీ ఆమె పెట్టిన షరతులు.

మిడత బొమ్మ స్టేషను

విమానాశ్రయం లోపలే టాక్సీకి డబ్బు కట్టి చీటీ తీసుకున్నాను. బయట "టాక్సీ, టాక్సీ" అని వెంటబడేవారి వంక చూడలేదు. మర్నాటి నుంచి భూగర్భ రైలే నా వాహనం. 1969లో మొదలైన ఆ రైలుకు టిక్కెట్టు ఎంత దూరమైనా ఐదు పేసోలు. చదువు రానివారికీ గుర్తుండాలని ప్రతి స్టేషనుకూ ఒక బొమ్మ పెట్టారు. చపుల్తెపెక్ అంటే మిడతల కొండ. ఆ స్టేషను గుర్తు మిడత. స్పానిషు రాని ఈ భూగోళం పంతులమ్మ కూడా అక్కడ చదువు రానిదే గదా! మిడత కనిపించగానే దిగి, 1964లో కట్టిన మానవశాస్త్ర ప్రదర్శనశాలకు నడిచి వెళ్ళి, ఇరవై నాలుగు టన్నుల అజ్టెక్ సూర్యశిల ముందు నిలబడ్డాను. రద్దీ వేళల్లో రైలు ముందు పెట్టెలు ఆడవారికీ పిల్లలకూ ప్రత్యేకం. ఎప్పుడూ వాటిలోనే ఎక్కాను.

దారి అడిగితే అక్కడివారు 'తెలియదు' అనలేరు. మర్యాద కొద్దీ ఏదో ఒక వైపు చెయ్యి చూపిస్తారు. మొదటి రోజు అలాగే మూడు వీధులు వృథాగా తిరిగాను. అప్పటి నుంచి ఇద్దరిని అడిగి, ఇద్దరూ ఒకే వైపు చూపిస్తేనే అడుగు వేశాను.

అర్ధరాత్రి కూత

మూడో రాత్రి మంచి నిద్రలో ఉండగా వీధిలో లౌడ్‌స్పీకర్లు ఒక్కసారి కూయడం మొదలెట్టాయి. భూకంపం హెచ్చరిక! ఆ నగరం పూడ్చిన సరస్సు మీద కట్టింది. ఎక్కడో సముద్రతీరాన భూమి కదిలినా ఇక్కడి మెత్తటి నేల గిలగిలలాడుతుంది. 1985 సెప్టెంబరు 19న వేలమంది పోయారు. 2017లో సరిగ్గా అదే తేదీన మళ్ళీ వచ్చింది. దూరాన కదలిక పుట్టగానే ఇక్కడ కూత మోగేటట్టు ఏర్పాటు చేసుకున్నారు. దొరికే వ్యవధి ఒక్కొక్కప్పుడు నిమిషం కూడా ఉండదు.

నాకు కాళ్ళు ఆడలేదు. పాస్‌పోర్టు సంచీ కోసం చీకట్లో తడుముకుంటూ ఉంటే తలుపు దబదబ బాదారు. తీసేసరికి హోటలులో గదులు ఊడ్చే ఆవిడ. పగలంతా ఆమెతో నేను మాట్లాడినది "బ్వేనోస్ దియాస్" అన్న పలకరింపు ఒక్కటే. "సెన్యోరా!" అంటూ నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. వీధి మలుపులో నాలుగు బాణాలు గీసిన ఆకుపచ్చ పలక కింద నిలబెట్టింది. ఇరుగుపొరుగంతా రాత్రి బట్టలతోనే అక్కడ చేరారు. దీపస్తంభాలు కాస్త ఊగి ఆగిపోయాయి, అంతే. చలికి వణుకుతుంటే ఒక ముసలమ్మ తన శాలువా తీసి నా భుజాల మీద కప్పింది. ఆ గుంపులో నేను పరదేశినన్న సంగతి నాకే జ్ఞాపకం లేదు.

తిరిగి వెళ్ళేసరికి గది తలుపు బార్లా తెరిచే ఉంది. సంచీ పెట్టినచోటే ఉంది. మా ఇంటికి ఫోను చేసి ఈ సంగతి చెప్పానా అంటే, చెప్పొద్దూ, చెప్పలేదు!

సంతలో పాఠం

తరవాత పగటి బస్సులో ప్వేబ్లా, అక్కడి నుంచి వహాకా. ఆ దారిలోని తెవకాన్ లోయలో వేల ఏళ్ళ నాటి మిరప అవశేషాలు తవ్వకాల్లో దొరికాయి. కిటికీలోంచి ఆ ఎండు కొండలకు ఒక నమస్కారం పెట్టుకున్నాను.

వహాకా సంతలో అడుగు పెట్టాక నాకు పరాయిదేశమన్న మాటే తోచలేదు. టమాటా, జామ, బొప్పాయి, సీతాఫలం, సపోటా — మన ఇంటివే అనుకునేవన్నీ ఈ ప్రాంతాల నుంచి వచ్చినవే. మిరపలో మాత్రం వారిది మనకన్న పెద్ద చదువు. పచ్చిగా ఉంటే 'పొబ్లానో', అదే ఎండితే 'ఆంచో'. 'హలపేన్యో'ను పొగపెట్టి ఎండబెడితే 'చిపోత్లే'. మొక్కజొన్నలు సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బి రొట్టెలు చేస్తారు. నాగజెముడు మట్టల ముళ్ళు గీకి కూర వండుతారు. కాస్త జిగురుగా బెండకాయలా ఉంది, నాకు నచ్చింది.

శాకాహారులకు ఒక హెచ్చరిక. "మాంసం లేకుండా" అంటే చాలదు. చిక్కుడు గింజలను పంది కొవ్వులో వేయిస్తారు. "సిన్ మాంతేకా" — కొవ్వు వద్దు — అని కూడా చెప్పాలి. ఒక బుట్టలో వేయించిన మిడతలు చూసి, మా రైలు స్టేషను జ్ఞాపకం వచ్చి నవ్వుకున్నాను. కుళాయి నీళ్ళు మాత్రం ఎక్కడా తాగకండి.

హ్యూస్టన్ చేరి, ఆంచో మిరపకాయలతో పచ్చడి చేసి వడ్డించాను. భూకంపం కథ అప్పుడు బయటపెట్టాను. మా వారు ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆ గదులు ఊడ్చే ఆవిడకు ఏమిచ్చి వచ్చావు?" అన్నారు.

"చీర ఇచ్చాను. తనకు కట్టబెట్టి చూపించేసరికి గంట పట్టింది."

"మంచి పని చేశావు" అని, మరి కాస్త పచ్చడి వేయించుకున్నారు.