అడిగిన దానికే జవాబు చెప్పండి

మిద్దెతోట వాట్సాప్ గ్రూపులో ఒకరు ‘టమాటా కాయల అడుగు నల్లబడుతోంది, ఏం చేయాలి?’ అని అడిగారనుకోండి. ఒకరు తమ వంకాయల ఫొటో పెడతారు. ఇంకొకరు కుండీ ఎక్కడ కొన్నారంటారు. మరొకరు పురుగుమందు కొట్టేయమంటారు. నిజానికి అది చాలావరకు పురుగూ కాదు, తెగులూ కాదు. నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పోస్తే కాయకు కాల్షియం సరిగా అందక అలా అవుతుంది. మట్టి పూర్తిగా ఎండిపోకుండా, నీళ్లు నిలవకుండా క్రమంగా పోస్తే కొత్త కాయలు బాగుంటాయి. ఈ మాట చెప్పేవాళ్లు లేకపోతే పిల్లలు తినే కాయల మీద అనవసరంగా మందు పడుతుంది. అందుకే ముందు ప్రశ్న పూర్తిగా చదవండి. తెలిస్తే దానికే జవాబు చెప్పండి, తెలియకపోతే తెలిసినవాళ్లను చెప్పనివ్వండి. మీ వంకాయల ఫొటో తర్వాత విడిగా పెట్టుకోవచ్చు.